నాలుగు సెకన్లు మిగిలే ఉన్నాయి

బాస్కెట్‌బాల్ ఫైనల్ మొదలవడానికి ఇంకా నలభై నిముషాలుందనగా, తూర్పు వైపు రింగుని బోర్డుకి పట్టి ఉంచాల్సిన నాలుగు బోల్టుల్లో మూడు లేవని రత్నమాణిక్యం కనిపెట్టింది.

ఆమె నిచ్చెన పైమెట్టు మీద ఉంది. రింగు మీద చెయ్యి వేసి మెల్లగా కిందికి నొక్కింది. ఇనుము కిర్రుమంది. రింగు ముందుకి వంగింది. దాన్ని ఆపుతున్నవి రెండే: మిగిలిన ఒక్క బోల్టు, బోర్డు వెనక నుంచి తిప్పి కట్టిన నీలంరంగు నైలాన్ దారం. ఎవడైనా ఎగిరి దాన్ని పట్టుకుంటే అంత ఇనుమూ వాడి నెత్తిన పడేది.

మిగతా రెఫరీలు రింగుని కింద నుంచి చూసి బాగుందనేవారు. రత్నమాణిక్యం మాత్రం ప్రతి ఆటకీ నిచ్చెన ఎక్కి తడిమి చూసేది. గర్ల్స్ హైస్కూల్లో డ్రిల్లు టీచరు ఆమె. వయసు ఇరవై ఏడు. నరసాపురం టౌన్ క్లబ్బు వేసవి టోర్నమెంటులో ఒక ఆడమనిషి ఫైనల్ ఆడించడం ఈ 1985లోనే మొదటిసారి.

"ఏమ్మా, పైన కాకిగూడు గానీ ఉందా? అంతసేపు చూస్తున్నావు?" కింద నుంచి అడిగాడు జోగేశ్వరరావు. టోర్నమెంటు కార్యదర్శి. పెద్దబజార్లో బట్టల కొట్టు.

"మూడు బోల్టులు లేవండి."

"ఏంటీ?"

"నిన్న సెమీఫైనల్‌కి ఉన్నాయి. నా చేత్తో చూశాను. ఆ తర్వాత ఎవరో తీశారు."

మాట పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇద్దరు కోచ్‌లూ పరిగెత్తుకొచ్చారు. కొవ్వూరు జట్టు కోచ్ పల్లంరాజుది, గట్టు మీద నిలబడి అరిస్తే వంతెన అవతల రాజమండ్రిలో వినిపించే గొంతు.

"మొదటి సగం మేం వెయ్యాల్సింది ఈ రింగులోనేనండీ! మావాడు ఎగిరి పట్టుకుంటే ఏమయ్యేవాడు? ఆటకి పిలిచారా, చంపడానికి పిలిచారా?"

"ఆవేశపడకండి రాజుగారూ," అన్నాడు సత్తిరాజు మాస్టారు. నరసాపురం జట్టు కోచ్ ఆయన. ఈ ఊళ్ళో బాస్కెట్‌బాల్ పట్టుకున్న ప్రతివాడూ ఆయన దగ్గరే మొదలుపెట్టాడు. రత్నమాణిక్యం కూడా. ఏడో తరగతిలో ఉండగా ఆమె మెడలో మొట్టమొదటి విజిల్ వేసింది ఆయనే. "ఇది ఇప్పటికిప్పుడు తేలే వ్యవహారం కాదు. రింగు బాగుచేయించి వచ్చే ఆదివారం పెట్టుకుందాం."

"వచ్చే ఆదివారం ఎందుకండీ? బోల్టులు దొరికితే చాలు కదా," అంది రత్నమాణిక్యం నిచ్చెన దిగుతూ.

జోగేశ్వరరావు ఆమెని పక్కకి పిలిచాడు. గొంతు తగ్గించాడు.

"చూడమ్మా, నీకు దాచేదేముంది. నిన్ను ఫైనల్‌కి వెయ్యొద్దని కమిటీలో నలుగురు అడ్డం తిరిగారు. చివరికి ఒప్పుకున్నారు గానీ ఒక కాగితం రాసుకున్నారు. కారణం ఏదైనా సరే, ఇవాళ ఆట పూర్తి కాకపోతే ఇక మీదట ఈ కోర్టులో ఆడవాళ్ళ చేతికి విజిల్ ఇవ్వరు. వాయిదా పడినా ఆగిపోయినట్టే లెక్క. నీకెందుకమ్మా ఈ తలనొప్పి? వాయిదాకి నువ్వే సరేనంటే మర్యాదగా పోతుంది."

"నేను సరే అననండి."

"మూడు వేలమంది వస్తారమ్మా."

"రానివ్వండి. వాళ్ళు వచ్చేలోపు బోల్టులు కావాలి."

ఆమె తండ్రి బుల్లబ్బాయి గోదావరి రేవులో పంటు మీద కళాసి. మనుషుల్ని, బళ్ళని, బస్సుల్ని అవతలి గట్టుకి దాటించే ఆ పంటుకి బోల్టులకేం కొదవ లేదు. కబురందిన పదిహేను నిముషాల్లో ఆయన చొక్కా కూడా లేకుండా వచ్చేశాడు. మెడలో తువ్వాలు, చేతిలో గ్రీజు కారుతున్న బోల్టులు.

"ఆట అవ్వగానే ఇచ్చెయ్యవే తల్లీ. లేకపోతే సగం పంటు ఇవతల గట్టునా, సగం అవతల గట్టునా ఉండిపోద్ది," అన్నాడు.

పల్లంరాజు ఆయన వంక చూశాడు. తర్వాత రత్నమాణిక్యం రింగు నుంచి విప్పి చేతిలో పట్టుకున్న నీలం దారం వంక చూశాడు.

"ఇది వలదారం కదమ్మా. మీ రేవుపేట జాలర్లది. బోల్టులు తీసిందీ మీరే, తెచ్చిందీ మీరేనా ఏంటి?"

చుట్టూ ఉన్నవాళ్ళలో కొందరు నవ్వారు. ఆ నవ్వు అప్పటికే జనం చేరుతున్న బల్లల మీదికి పాకి, అక్కడ మాటగా మారింది. "రేవుపేటవాళ్ళ పనేనంట!"

రత్నమాణిక్యం దారం మడిచి జేబులో పెట్టుకుంది. దారం వలదారమే. విప్పేముందు చూసిన ముడి మాత్రం వలముడి కాదు. నైలాన్ జారుతుంది కాబట్టి వాళ్ళ పేటలో రెండుచుట్లు తిప్పి, పంటితో లాగి బిగిస్తారు. తల్లి పక్కన కూర్చుని ఆమె అలాంటివి వేలకొద్దీ వేసింది. ఇక్కడ దారం అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి తిరిగింది. మధ్యలో పువ్వుముడి. అచ్చం కొట్టులో బెల్లం పొట్లం కట్టినట్టు. కట్టినవాడు వలలు చూస్తూ పెరిగినవాడు కాదు, పొట్లాలు కడుతూ పెరిగినవాడు.

నరసాపురంలో అలాంటివాళ్ళు సగం ఊరున్నారు.

ఇంకో సంగతి కూడా ఆమెకి అర్థమైంది. బోల్టులు తీసినవాడికి ఆట ఆగాలని ఉంది. రింగు ఎవరి మీదా పడకూడదనీ ఉంది.

నాలుగున్నరకల్లా బోల్టులు బిగిశాయి. ఆమె రింగుని పట్టుకుని తనే రెండుసార్లు వేలాడింది. చేతులు దులుపుకుని కోర్టు మధ్యకి నడిచింది. రెండో రెఫరీ చంద్రరావు ఆమె వెనకే వచ్చాడు. పోస్టాఫీసులో గుమాస్తా, నెమ్మదస్తుడు. అప్పటికే చెమటలు పట్టి ఉన్నాడు.

బంతి పైకి లేచింది.

సరుగుడు కర్రలు కట్టి వేసిన బల్లలు మూడు వైపులా నిండిపోయాయి. నాలుగో వైపు ఆడవాళ్ళు. లేసు అల్లేవాళ్ళు చేతుల్లో సూదులతో సహా వచ్చి కూర్చున్నారు. మొదటి విజిల్ మోగగానే మగవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు లేచింది.

"ఆడది ఈలేస్తే ఊరికి అరిష్టం రోయ్!"

లేసు అల్లుతున్న ఏసమ్మ సూది ఆపకుండానే అందుకుంది. "మీ ఇంట్లో కుక్కరు ఈలేస్తేనే కదరా నీకు అన్నం! అప్పుడు రాని అరిష్టం ఇప్పుడొచ్చిందా?"

ఆడవాళ్ళ వైపు గొల్లున నవ్వు లేచింది. మగవాళ్ళ వైపూ సగం మంది నవ్వారు. అది మొదటి నాలుగు నిముషాల వరకే.

ఆరో నిముషంలో నరసాపురం స్టార్ ఆటగాడు చిట్టియ్య బంతితో దూసుకొచ్చి, కదలకుండా నిలబడి ఉన్న కొవ్వూరు కుర్రాణ్ణి గుద్ది పడేశాడు. బంతి రింగులో పడింది. జనం లేచారు. విజిల్ మోగింది. ఫౌలు చిట్టియ్యది. బాస్కెట్ లేదు.

మొదట ఒక ముంజికాయ డొక్క వచ్చి ఆమె కాలి దగ్గర పడింది. తర్వాత మామిడి టెంకలు.

"కొవ్వూరువాళ్ళు చీర కొనిపెట్టారేంటే?"

"ఇంటికెళ్ళి ఇగురొండుకో!"

సత్తిరాజు మాస్టారు గీత దగ్గరికి వచ్చాడు. ఆమె ఎరిగిన ఇన్నేళ్ళలో ఆయన ఏ రెఫరీ మీదా గొంతెత్తలేదు. ఇవాళ మొహం ఎర్రగా ఉంది.

"ఏం ఊదుతున్నావమ్మాయ్? నీకు రూల్సు నేర్పింది నేను!"

"మీరు నేర్పినవే ఊదుతున్నానండి."

ఆయన కాలితో మంచినీళ్ళ బిందెని తన్నాడు. అది దొర్లుకుంటూ కోర్టులోకి వచ్చింది. రత్నమాణిక్యం బిందె తీసి గీత అవతల నిలబెట్టింది. తర్వాత ఒక అరచెయ్యి నిలువుగా, దాని మీద ఇంకో అరచెయ్యి అడ్డంగా పెట్టి టేబుల్ వైపు తిరిగింది. కోచ్ మీద టెక్నికల్ ఫౌలు. అవతలివాళ్ళకి రెండు ఫ్రీ త్రోలు. ఇలాంటివి మూడు పడితే కోచ్ మైదానం వదిలి పోవాలి.

ఈ ఊళ్ళో సత్తిరాజు మాస్టారికి ఎదురు చెప్పినవాళ్ళు లేరు. జనంలోంచి లేచిన అరుపుకి సరుగుడు కర్రలు ఊగాయి.

సగం ఆట అయ్యేసరికి కొవ్వూరు ముప్పై ఒకటి, నరసాపురం ఇరవై తొమ్మిది. చంద్రరావు ఆమె దగ్గరికి వచ్చి చేతులు నలుపుకున్నాడు.

"అమ్మా, రెండో సగంలో నేను ఊదలేను. రేపు కౌంటర్లో వీళ్ళ మొహాలే చూడాలి. మొన్న కూతురికి సంబంధం చూసింది కూడా వీళ్ళలోనే."

"మీ కంటికి కనపడింది ఊదండి చాలు. తిట్లన్నీ నాకే వస్తాయి, మీకు ఎలాగూ మిగలవు."

"అదేనమ్మా నా బాధ," అన్నాడు చంద్రరావు.

ఆమె మంచినీళ్ళ కోసం టేబుల్ దగ్గరికి నడిచింది. దారిలో నరసాపురం జట్టు బెంచీ. చిట్టియ్య కాలు చాపుకుని కూర్చున్నాడు. మేజోడు కిందికి దించి ఉంది. చీలమండ నిమ్మకాయంత వాచి ఉంది. సత్తిరాజు మాస్టారు ముందు మోకాళ్ళ మీద కూర్చుని దాని చుట్టూ గుడ్డ చుడుతున్నాడు.

"గురువారంనించీ తగ్గలేదేంట్రా?" అంటున్నాడు.

"ఒక్క వారం రెస్టు దొరికితే తగ్గిపోయేది మాస్టారూ."

గుడ్డ జారకుండా ఆయన పైన దారం కట్టాడు. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. మధ్యలో పువ్వుముడి. మిగిలిన కొసని చూపుడువేలికి చుట్టి టక్కున ఒక్క లాగు లాగి తెంపాడు. నలభై ఏళ్ళ కిందట వాళ్ళ నాన్న కిరాణా కొట్టులో నేర్చుకున్న చేతివాటం అది. ఇప్పటికీ ఆదివారాలు అన్నగారి కొట్టులో ఆయన పొట్లాలు కడుతూనే ఉంటాడు.

రత్నమాణిక్యం నిలబడిపోయింది.

ఆయన తలెత్తాడు. ఆమె చూస్తున్నది చిట్టియ్య కాలుని కాదని ఆయనకి తెలిసిపోయింది. చూపు దించేశాడు.

"ముడి బాగా పడిందండి మాస్టారూ," అంది ఆమె.

ఆయన చిట్టియ్య మేజోడు పైకి లాగాడు.

ఆమె గ్లాసు ఎత్తి నీళ్ళు గటగటా తాగింది. కోపం దిగలేదు. వెళ్ళి మైకులో చెప్పెయ్యొచ్చు. చెబితే? సాక్ష్యం ఏంటంటారు. ఒక ముడి. నమ్మేవాళ్ళు సగం, నమ్మనివాళ్ళు సగం. అయిదు నిముషాల్లో కొట్లాట. ఆట అక్కడితో ఆఖరు. బోల్టులు తీసినవాడికి కావలసింది కూడా అదే.

ఆమె గ్లాసు కింద పెట్టింది. ఆట అయ్యేదాకా ఆ సంగతి నోరు దాటకూడదు. అంతకంటే కష్టమైనది ఇంకోటుంది. అది విజిల్లోకి కూడా రాకూడదు.

రెండో సగం మొదలైన మూడో నిముషంలోనే ఆ పరీక్ష వచ్చింది. చిట్టియ్య బంతి ఎత్తిన చేతిని కొవ్వూరువాడు కొట్టాడు. చిన్న దెబ్బ. ఆమె వైపు నుంచి తప్ప ఎవరికీ కనపడదు. ఊదకపోయినా అడిగేవాడు లేడు. ఆమె ఊదింది. నరసాపురానికి రెండు ఫ్రీ త్రోలు.

పల్లంరాజు గంతేశాడు. "ఊరివాళ్ళు నాలుగు టెంకలు విసిరేసరికి అటు తిరిగిపోయావా? చేపలమ్ముకునేవాళ్ళ చేతికి విజిలిస్తే ఇంతే! తూకంలో మోసం పుట్టుకతోనే వస్తుంది!"

ఆమె చేతులు మళ్ళీ ఒకదాని మీద ఒకటి నిలిచాయి. టెక్నికల్. కొవ్వూరు కోచ్ మీద.

"నన్నా? దేనికి?"

"మీకే తెలుసండి. ఇంకోసారి అనండి, ఇంకోటి ఇస్తాను."

ఆడవాళ్ళ వైపు నుంచి చప్పట్లు. ఏసమ్మ సూది ఒళ్ళో పడేసి మరీ కొట్టింది. "తూకం సరిపోయిందా బాబూ?" అని అరిచింది.

పన్నెండో నిముషంలో సత్తిరాజు మాస్టారికి రెండోది పడింది. చంద్రరావు ధైర్యం చేసి ఊదిన ఒకే ఒక్క ఫౌలుకి ఆయన జనం వైపు తిరిగి, రెండు చేతులూ పైకెత్తి లేవండి లేవండి అని ఉసిగొల్పాడు. వాళ్ళు లేచారు. ఒక సోడా బుడ్డి వచ్చి రింగు కింది వెనకగీత మీద భళ్ళున పగిలింది. రత్నమాణిక్యం ఆట ఆపి, గాజుపెంకులన్నీ ఏరించి, నేల చీపురుతో ఊడిపించింది. చెరిగిన చోట మళ్ళీ సున్నం గీత వేయించింది. అదంతా అయ్యేదాకా బంతి చంకలో పెట్టుకుని కోర్టు మధ్యలో నిలబడింది. తిట్టినవాళ్ళకి ఊపిరి అయిపోయింది గానీ ఆమె కదల్లేదు. తర్వాత సత్తిరాజు వైపు తిరిగి టెక్నికల్ చూపించింది.

"ఇంకోటి పడితే బయటికండి," అంది.

"తెలుసు," అన్నాడాయన.

ఆఖరి నిముషం. కొవ్వూరు అరవై ఒకటి, నరసాపురం అరవై. బంతి నరసాపురానిది. పది సెకన్లు. ఎనిమిది. చిట్టియ్య కుంటుతూనే బంతి అందుకుని కుడిమూల నుంచి వెనకగీత వెంబడి దూసుకొచ్చాడు. ఒకణ్ణి తప్పించాడు. గాలిలోకి లేచాడు. బంతి బోర్డుకి తగిలి, రింగు మీద ఒక చుట్టు తిరిగి లోపల పడింది.

మూడు వేల గొంతులు ఒక్కసారి పేలాయి. టోపీలు, తువ్వాళ్ళు పైకి లేచాయి. పదకొండేళ్ళ తర్వాత నరసాపురానికి కప్పు.

ఆ గోలలో విజిల్ వినపడలేదు. ఆమె చెయ్యి ముందు కనిపించింది. పైకెత్తిన అరచెయ్యి. తర్వాత ఆ చెయ్యి కిందికి దిగి నేలని చూపించింది.

వెనకగీత మీద, ఇందాకే వేసిన సున్నం ఒక చోట బూటు మందాన చెరిగి ఉంది. చిట్టియ్య కుడి బూటు అంచు తెల్లగా ఉంది.

ఎగరకముందే గీత తొక్కాడు. బాస్కెట్ లేదు. బంతి కొవ్వూరుది. ఆమె టేబుల్ వైపు చూసింది. టైమ్‌కీపర్ గడియారం చూసి నాలుగు వేళ్ళు ఎత్తాడు. ఇంకా నాలుగు సెకన్లున్నాయి.

జనం కోర్టు మీదికి దిగారు.

అందరికంటే ముందు సత్తిరాజు మాస్టారు వచ్చాడు. గీత దాటి మూడడుగులు లోపలికి. "గీత తొక్కలేదు! నేను చూశాను! తొక్కలేదు!" అని అరుస్తున్నాడు. వెనక వందమంది అదే అందుకున్నారు.

ఆమె రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టింది. మూడోది. తర్వాత చెయ్యి చాచి గేటు చూపించింది.

"బయటికి, మాస్టారూ."

ఆయన ఆమెకి దగ్గరగా వచ్చాడు. ఆమెకి తప్ప ఎవరికీ వినపడనంత నెమ్మదిగా అడిగాడు. "పొద్దున్న చేసిన దానికి పగ తీర్చుకుంటున్నావా?"

"లేదండి. గీత దాటి లోపలికొచ్చారు, దానికి. పొద్దున్న చేసిన దానికి నా దగ్గర విజిల్ లేదు."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత తిరిగి గేటు వైపు నడవడం మొదలుపెట్టాడు. దారిలో మైకు టేబుల్ ఉంది.

అప్పుడే బల్లల వైపు నుంచి ఒక కేక. "వీళ్ళ నాన్నే బోల్టులు తీశాడు! కొవ్వూరువాళ్ళతో కుమ్మక్కు! పట్టుకోండ్రా!"

బుల్లబ్బాయిని నలుగురు పట్టుకున్నారు. మెడలో తువ్వాలు లాగి బిగించారు. ఆయన ఒకణ్ణి విదిలించుకున్నాడు, ఇంకో ఇద్దరు మీద పడ్డారు.

జోగేశ్వరరావు పంచె ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, చాలమ్మా! ఆట ఆపేశానని ఒక్క మాట చెప్పు. వెనక గేటు దగ్గర జీపుంది. మీ నాన్నని తీసుకుని వెళ్ళిపో. నీ కాళ్ళు పట్టుకుంటాను."

ఆమె కాలు ఒకటి తండ్రి వైపు లేచింది. ఆ గొడవ కోర్టు గీతకి అవతల, ఇరవై అడుగుల దూరంలో. రెఫరీ గీత దాటి వెళ్ళిపోతే ఆట ఆగిపోయినట్టే. కాగితం సిద్ధంగానే ఉంది.

బుల్లబ్బాయి ఎవడి మోచేతి కింద నుంచో తల బయటికి పెట్టాడు. "అక్కడే ఉండవే! నేను గోదాట్లో తుఫాన్లు చూశాను, ఈ ముంజికాయలోళ్ళు నన్నేం చేస్తారు? నువ్వు కానీ కదిలావో, ఇంటికి రానివ్వను!"

ఆమె లేచిన కాలు వెనక్కి వేసింది. బంతి చంకలో పెట్టుకుంది. కోర్టు మధ్య వృత్తంలోకి వెళ్ళి నిలబడింది. ఒక టెంక వచ్చి భుజానికి తగిలింది. చంద్రరావు ఎక్కడి నుంచో వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"రెండు ఫ్రీ త్రోలు. నాలుగు సెకన్లు." ఆమె జోగేశ్వరరావుకి చెప్పింది గానీ, గొంతు మైదానమంతా వినపడింది. డ్రిల్లులో ఆరొందల మంది పిల్లల్ని నిలబెట్టే గొంతు అది. "నాలుగు సెకన్లు మిగిలే ఉన్నాయండి. తెల్లారేదాకా అయినా ఇక్కడే నిలబడతాను. నా మీద నుంచి తొక్కుకుని పోతే పోండి. ఆట ఆగిందని మాత్రం నా నోటితో అనిపించలేరు."

తర్వాత ఆమె గేటు వైపు చూసింది. సత్తిరాజు మాస్టారు మైకు టేబుల్ దగ్గర ఆగి ఉన్నాడు. ఆయన చూస్తున్నది బుల్లబ్బాయి మెడలో బిగిసిన తువ్వాలుని.

"మాస్టారూ!" అని పిలిచింది. "నేను ఈ గీత దాటను. దాటి వెళ్ళాల్సిన పని నాది కాదు కూడా. ఎవరిదో మీకు తెలుసు."

ఆయన మైకు అందుకున్నాడు. దాన్ని రెండుసార్లు వేలితో కొట్టాడు. లౌడు స్పీకరు కీచుమంది.

"నేను సత్తిరాజుని. గొంతు గుర్తుపట్టారు కదా. ముప్పై ఏళ్ళుగా మీ పిల్లల్ని తిట్టిన గొంతే. బుల్లబ్బాయిని వదలండి. వదలండ్రా! ఆయన తువ్వాలు మీద నుంచి చెయ్యి తియ్యరా సన్నాసీ, నీకు ఏడో క్లాసులో నేనే పాఠం చెప్పాను. బోల్టులు తీసింది ఆయన కాదు. రేవుపేటవాళ్ళు కాదు. కొవ్వూరువాళ్ళూ కాదు. నేను తీశాను. పొద్దున్న అయిదింటికి వచ్చాను. సామాన్ల గది తాళం నా దగ్గరే ఉంటుంది. స్పానరు తీసుకుని నిచ్చెనెక్కాను. చిట్టియ్యకి గురువారం కాలు బెణికింది. ఒక్క వారం ఆట వెనక్కి పోతే వాడు కుంటకుండా ఆడతాడు, కప్పు మనకొస్తుంది. వచ్చే నెల నేను రిటైరవుతున్నాను. ఇంకొక్కసారి ఆ కప్పు ఎత్తి చూద్దామనుకున్నాను. అంతే, ఇంకేం లేదు. నాలుగో బోల్టు కూడా తియ్యబోయాను. పొద్దున్నే పిల్లలు ఇక్కడ ఆడుకుంటారని గుర్తొచ్చి చెయ్యాగింది. కింద పడకుండా దారం కట్టాను. గదిలో ఆ దారమే దొరికింది. అది చూసి మీరు రేవుపేట మీద పడతారని నాకు తట్టలేదు. పడ్డాక కూడా నోరు మూసుకునే ఉన్నాను, అదీ చెప్పాలి. ఇంకొకటుంది. ఇవాళ ఆట ఆగితే ఈ అమ్మాయికి ఇక విజిల్ ఉండదని కమిటీ రాసుకుంది చూశారా, ఆ కాగితం మీద సాక్షి సంతకం నాదే. నాకు తెలియక చెయ్యలేదు. తెలిసే చేశాను. సగం ఆట దగ్గరే తనకి నా సంగతి తెలిసిపోయింది. నా మీద కోపంతో మన కుర్రాళ్ళ మీద ఒక్క ఫౌలు ఎక్కువ ఊదుతుందేమోనని చూస్తూ కూర్చున్నాను. ఊదితే ఆ వంక పట్టుకుని ఆట ఆపించేద్దామని. ఊదలేదు. ఇప్పుడందరూ కోర్టు దిగి ఎవరి బల్ల మీద వాళ్ళు కూర్చోండి. నన్ను బయటికి పొమ్మంది, పోతున్నాను, రూలు అదే. నాతో ఎవడైనా తేల్చుకోవాలంటే గేటు బయట ఉంటాను, ఆట అయ్యాక రండి. చిట్టియ్యా, తల దించుకోకు, నీ తప్పేం లేదు, నీ కాలు నీ మాట వినలేదు. వాడు గీత తొక్కాడండీ. అయిదడుగుల దూరంలో ఉన్నాను, సున్నం లేవడం నా కళ్ళతో చూశాను. చూసి కూడా తొక్కలేదని అరిచాను."

ఆయన మైకు కింద పెట్టి గేటు దాటాడు; జనం ఒక్కొక్కరే బల్లల మీదికి మళ్ళాక, రత్నమాణిక్యం ఫ్రీ త్రోల కోసం బంతిని కొవ్వూరు కుర్రాడి చేతిలో పెట్టి విజిల్ ఊదింది.